చర్చికి 50,000, అక్కకి ‘లేవు’

ఈ వారం ఉత్తరం గాజువాక నుంచి వచ్చింది. తన పేరు, చర్చి పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. చాలా పెద్ద ఉత్తరం, అసలు సంగతి పోకుండా కుదించి చెబుతాను.

ఆయన వయసు 43. పరవాడ వైపు ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. భార్య, ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఇంటర్. నాన్నగారు కూలీగా మొదలై మేస్త్రీ అయిన మనిషి. గాజువాకలో అప్పట్లో చవగ్గా దొరికిన స్థలంలో కొంచెం కొంచెంగా ఇల్లు కట్టుకుని 2018లో పోయారు. వీలునామా లేదు. మిగిలింది అమ్మ, అక్క, ఈయన. ఏడాది తిరక్కుండా ఈయన అమ్మని, అక్కని రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి వాళ్ల హక్కులు వదులుకున్నట్టు రాయించి ఇల్లు తన పేరు మీదకి మార్చుకున్నారు. పైన అంతస్తు వేయాలి, బ్యాంకు లోను రావాలంటే కాగితాలు ఒక్కరి పేరు మీదే ఉండాలి, అందుకు ఒక సంతకం అని చెప్పారట. దస్తావేజు రాసినాయన చదివి వినిపించబోతే ‘ఎందుకులెండి, అంతా ఇంటివాళ్లమే’ అని ఆపింది ఈయనే. అక్క చేతిలో కూరల సంచి కూడా కింద పెట్టకుండా వేలిముద్ర వేసి, సిరా కొంగుకి తుడుచుకుని, ‘అయిపోయిందేట్రా?’ అని అడిగింది. ఆ పూట అందరికీ బిర్యానీ పెట్టించి, అక్క చేతిలో 20,000 పెట్టి ఆటో ఎక్కించారు. తర్వాత లోను తీసుకుని పైన రెండు వాటాలు వేశారు, అద్దెలు వస్తున్నాయి, లోను ఇంకా నడుస్తోంది.

ఈ అక్క ఇంటర్ మధ్యలో మానేసి, పూర్ణా మార్కెట్ దగ్గర బట్టల కొట్లో రోజంతా నిలబడి, ఈయన పాలిటెక్నిక్ ఫీజులు కట్టిన మనిషి. ఇప్పుడు కంచరపాలెంలో అద్దెకుంటోంది. బావ ఆటో నడిపేవారు, కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. అమ్మ కూడా అక్క దగ్గరే, ‘అత్తాకోడళ్లకి పడదు కాబట్టి’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మొన్నీమధ్య అక్క ఫోన్ చేసి, కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజుకి 40,000 తక్కువైంది, అప్పుగానే ఇవ్వరా, నెలనెలా తీర్చేస్తాను అంది. ఈయన లేవన్నారు. అదే వారం చర్చి స్లాబు పనికి 50,000 ఇచ్చారు, ఆరాధనలో పేరు చదివారు, చప్పట్లు కొట్టారు. తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసుని తలచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. గిన్నె చేతికొచ్చింది గానీ తాగలేక పక్కాయనకి అందించేశారు.

అప్పటి నుంచి ఉపవాసాలు, తెల్లవారుజామున లేచి ప్రార్థన. ఒక గృహకూడికలో ‘ప్రభువు నాలోని స్వార్థాన్ని తీసేశాడు’ అని సాక్ష్యం కూడా చెప్పారు. ఇంటికొచ్చాక భార్య ‘ఎక్కడ తీసేశాడు?’ అని అడిగింది. అలాగని అక్కకి వాటా ఇద్దామంటే ఒప్పుకోనిది కూడా ఆవిడేనట. ఇక ప్రశ్నలు: ఇంత ప్రార్థన చేసినా నాలో స్వార్థం ఎందుకు చావడం లేదు? అసలు నాకు రక్షణ, అంటే దేవుడు నన్ను పాపం నుంచి విడిపించి తనవాడిగా ఒప్పుకోవడం, ఉన్నట్టా లేనట్టా? ఇప్పుడు నేనేం చేయాలి?

తమ్ముడూ, మీకంటే పదిహేనేళ్లు పెద్దదాన్ని, ఆ చనువుతోనే అంటున్నాను, ఏమనుకోకండి. మీ ఉత్తరంలో సగానికి పైగా మీ మనసు గురించే ఉంది. ఏ రాత్రి ఎంత ఏడ్చారో ఉంది, ఏ వాక్యం చదివితే ఎంత నెమ్మది కలిగిందో ఉంది, ఆ నెమ్మది ఎన్నాళ్లు నిలిచిందో కూడా ఉంది. మేనకోడలు చివరికి కాలేజీలో చేరిందో లేదో మాత్రం లేదు. మీరు లేవన్నప్పుడు అక్క ఏమందో లేదు. బావని డయాలసిస్‌కి ఎవరు తీసుకెళ్తున్నారో లేదు. స్వార్థం పోగొట్టుకోవాలనే తాపత్రయం కూడా మనిషిని తన చుట్టూనే తిప్పుతుంది, నేనెంత పవిత్రుణ్ణయ్యాను, ఇంకా ఎంత మిగిలింది అని రోజూ కొలుచుకునేలా చేస్తుంది. ఆ కొలతల్లో పడితే కంచరపాలెం కనబడదు.

మీరు మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టి దానికి స్వార్థం అని పేరు పెట్టారు. ఆ మూట విప్పుదాం. అక్క అప్పు అడిగితే చేతిలో డబ్బుండి లేదన్నారు, దాన్ని స్వార్థం అనండి, ఒప్పుకుంటాను. చప్పట్ల కోసం ఇచ్చానేమో అన్న అనుమానం మీకే ఉంది, అది కీర్తి మీద ఆశ, అది ఎవరికి లేదు గనక, దాని గురించి నేను పెద్దగా కంగారు పడను. కానీ రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది వేరే జాతి. అక్కడ చదవబోయే మనిషిని ఆపారు. స్వార్థం గుణం, ఇది బాకీ. గుణం మారాలని ప్రార్థన చేసుకోవచ్చు, బాకీ మాత్రం తీర్చాలి. మీ ప్రార్థనకి జవాబు రావడం లేదని మీరనుకుంటున్నారు. గిన్నె నోటిదాకా వెళ్లకపోవడమే జవాబేమో అని నాకనిపిస్తోంది, మీరు దాన్ని ఇంకో నాలుగు ఉపవాసాలతో కప్పేస్తున్నారు.

మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. అర్పణ తెచ్చినవాడికి బలిపీఠం దగ్గర సహోదరుడి సంగతి గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. అక్కడే కూర్చుని ఇంకా గట్టిగా ప్రార్థించమనలేదు. మీరు ఆ వాక్యంలో మొదటి సగం తెలియకుండానే చేసేశారు, గిన్నె వదిలేశారు. రెండో సగం అక్క ఉండే కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్ దాకా బస్సు ప్రయాణం.

ఇంకోటి, మార్కు 7వ అధ్యాయంలో కొర్బాను మాట వస్తుంది. తల్లిదండ్రులకి చెందాల్సింది దేవుడికి అర్పించేశానని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లని యేసు అక్కడ గట్టిగా చీవాట్లు పెట్టాడు. వాళ్లు దొంగలు కాదు, గుడికి సక్రమంగా ఇచ్చేవాళ్లే. అక్కకి లేవని స్లాబుకి ఇచ్చిన 50,000 గురించి ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు. మీ పాస్టరు గారికి ఈ వెనక సంగతి తెలుసా? మీరు ఆయనకి ‘స్వార్థం బాధిస్తోంది’ అని మాత్రమే చెప్పి ఉంటే, ఆయన ‘ప్రార్థించండి బ్రదర్’ అనక ఏమంటారు, పాపం.

ఇక చట్టం సంగతి. క్రైస్తవులకి వారసత్వం విషయంలో వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా భర్త పోతే భార్యకి మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా, కొడుకు కూతురు తేడా లేదు, పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. మీ ఇంట్లో ఆ లెక్క ఎంత సుళువుగా తేలుతుందో చూడండి: అమ్మకి ఒకటి, అక్కకి ఒకటి, మీకు ఒకటి. మీరు ఉత్తరంలో ‘నాన్నగారు అక్క పెళ్లికి చాలా ఖర్చు పెట్టారు, అది కూడా చూడాలి కదా’ అని రాశారు. మన ఇళ్లలో ప్రతి అన్నదమ్ముడూ అనే మాటే. కానీ ఇదే చట్టంలో 49వ సెక్షను ఉంది, తండ్రి బతికుండగా పిల్లల బాగు కోసం ఇచ్చినదాన్ని ఆయన పోయాక పంపకాల లెక్కలోకి తేకూడదని చెబుతుంది. అయినా పెళ్లి ఖర్చు లెక్కకొస్తే పాలిటెక్నిక్ ఫీజులు కూడా రావాలి, బట్టల కొట్లో ఆ నిలబడ్డ కాళ్లు కూడా రావాలి. ఆ లెక్క మీరు మొదలుపెట్టకుండా ఉండటమే మీకు మంచిది.

అలాగని మీ వైపు న్యాయమేమీ లేదని నేననడం లేదు. పై అంతస్తు మీరు వేశారు, లోను మీ జీతంలోంచి పోతోంది. ఆ అద్దెల్లో అక్కకి సగమో మూడో వంతో ఇమ్మని నేను అడగను. అక్క వాటా అంటే నాన్నగారు వదిలివెళ్లిన స్థలంలో, కింది ఇంట్లో. ఇది మీ భార్యకి విడమర్చి చెప్పారా? ఆవిడ భయం బహుశా మొత్తం ఇల్లే పోతుందని.

మీ ముందు ఏమేం దారులున్నాయో చూద్దాం. ఏదో ఒకటి ఎంచుకోమని నేను ఆర్డరు వేయను, కానీ ఒక్కోటి ఎక్కడికి తీసుకెళ్తుందో తెలిసి ఎంచుకోండి.

ఏమీ చేయకుండా ఉండిపోవచ్చు. అక్క కోర్టుకెళ్లే మనిషి కాదు, మీకూ తెలుసు. బయట మీ పేరుకి మచ్చ రాదు, కానుకలు సాగుతాయి. కాకపోతే నెలకోసారి ప్రభువు బల్ల వస్తుంది, ప్రతిసారీ పక్కాయనకి అందించలేరు గదా, కొన్నాళ్లకి అలవాటు పడి తాగేస్తారు. నాకు భయమేసేది ఆ అలవాటు గురించే.

అక్కకి నెలకి ఇంత అని సాయం పంపొచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే డబ్బూ వెళ్తుంది, మంచిపేరూ వస్తుంది, కాగితమూ కదలదు. 40,000 ఇప్పుడే పంపితే మేనకోడలి చదువు నిలబడుతుంది కాబట్టి అది చేయొద్దని నేను చచ్చినా అనను, ఈ పత్రిక మూసేసి అయినా పంపండి. కానీ దాంతో సరిపెట్టేస్తే ఏమవుతుందంటే, మీరు దాత అవుతారు, అక్క మీకు రుణపడినట్టు తల దించుకుని తీసుకుంటుంది, తన డబ్బు తనే తీసుకుంటూ మీకు వందనాలు చెబుతుంది. ఇవ్వక ఆమెకి చేసిన అన్యాయం ఒకటైతే, ఇలా ఇచ్చి చేసేది ఇంకోటి.

నిజం చెప్పి ఊరుకోవచ్చు, అంటే వెళ్లి ‘అక్కా, ఆరోజు నువ్వు వేలిముద్ర వేసింది లోను కాగితం మీద కాదు, నీ వాటా వదులుకునే కాగితం మీద, నేనే చదవనివ్వలేదు’ అని చెప్పడం. ఇది పైసా ఖర్చు లేని పని, అన్నిటికంటే కష్టమైంది కూడా ఇదే. అక్క ఏడవొచ్చు, తిట్టొచ్చు, లేదా మన అక్కలు సాధారణంగా చేసే పనే చేయొచ్చు, ‘పోన్లేరా, నీ ఇల్లే కదా’ అనొచ్చు. ఆ చివరి మాటతోనే జాగ్రత్త. ఆ మాట వినగానే పెద్ద భారం దిగినట్టు అనిపించి, బస్సెక్కి వచ్చేసి, మళ్లీ సాక్ష్యం చెప్పేయాలనిపిస్తుంది. క్షమించడం ఆమె చేసే పని, ఆమె క్షమించిందని బాకీ చెల్లిపోదు. బావ మంచాన ఉన్నప్పుడు, చేతిలో డబ్బు లేనప్పుడు, అమ్మని కూడా తనే చూసుకుంటున్నప్పుడు, ఏ అక్క మాత్రం తమ్ముడితో గొడవ పెట్టుకుంటుంది?

నిజం చెప్పి, కాగితం కూడా సరిచేయొచ్చు. ఇది పూర్తి దారి, నా మనసు మొగ్గేది ఇటే, దాచుకోను. ఎలా అన్నది లాయరుని కూర్చోబెట్టి అడగండి: అక్క భాగం ఆమె పేరున సెటిల్‌మెంటు డీడు రాయడమా, లేక ఆ భాగానికి విలువ కట్టించి, ఇంత మొత్తం ఇన్నేళ్లలో చెల్లిస్తానని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడమా. దగ్గరి కుటుంబసభ్యుల మధ్య రాసుకుంటే స్టాంపు డ్యూటీ అమ్మకానికి పడేదానికంటే తక్కువ ఉంటుంది. లోను తీరేదాకా ఇల్లు బ్యాంకు దగ్గర తనఖాలో ఉంటుంది కాబట్టి వాళ్ల అనుమతి లేకుండా డీడు కుదరదు, అందుకని మీ పరిస్థితిలో విలువ కట్టి వాయిదాల్లో చెల్లించడమే వీలు కావచ్చు. దీనివల్ల మీకు నష్టం నిజంగానే ఉంటుంది, పెద్దవాడి ఇంజనీరింగ్ సీటు దగ్గర చేతులు కట్టేసినట్టవుతుంది, ఇంట్లో కొన్నాళ్లు ముభావం నడుస్తుంది. అవన్నీ తెలిసే చెబుతున్నాను.

ఇప్పుడు మీ భార్య. ఆవిణ్ణి మీరు ఉత్తరంలో కొంచెం విలన్‌లా రాశారు, నాకు నచ్చలేదు. ‘ఎక్కడ తీసేశాడు?’ అని అడిగిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. అదే మనిషి వాటా వద్దంటోందంటే అది పిల్లల గురించిన టెన్షన్, దాన్ని విశ్వాసం లేకపోవడం అనకండి. చర్చికి 50,000 ఇచ్చేముందు ఆవిణ్ణి అడిగారా? అడిగి ఉండరు, అడిగితే రాసేవారు. ఇప్పుడు ఇల్లు పంచేటప్పుడు కూడా ‘ప్రభువు చెప్పాడు’ అని ఒక్కరే నిర్ణయించేసి ఆవిడ నెత్తిన పడేస్తే, అక్కకి చేసినట్టే ఈవిడకీ చేసినట్టు, చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించడమే. కాగితం పెన్ను పెట్టుకుని కూర్చోండి, లోను ఎంత ఉంది, అద్దెలు ఎంత, పెద్దవాడికి ఎంత కావాలి, అక్క భాగం విలువ సుమారు ఎంత, ఎన్నేళ్లు పడుతుంది, ఆవిడ చేత్తోనే లెక్క వేయించండి. అంకెలు కనిపిస్తే భయం కొంత తగ్గుతుంది. తగ్గకపోతే ఇంకొంచెం ఆగాల్సి రావొచ్చు, కానీ ఆవిడ ఒప్పుకోలేదని అక్కకి నిజం చెప్పడం మాత్రం ఆపకండి, ఎందుకంటే ఆ అబద్ధం మీది, ఆవిడది కాదు.

రక్షణ ఉందా లేదా అని అడిగారు. మీ రక్షణకి సర్టిఫికెట్ ఇచ్చే అధికారం నాకు లేదు, మీ పాస్టరు గారికి కూడా లేదు. అయితే మీ భయం వెనక ఒక లెక్క దాక్కుని ఉంది, వాటా ఇస్తే దేవుడు నన్ను ఒప్పుకుంటాడు, ఇవ్వకపోతే తోసేస్తాడు అని. సుంకాలు వసూలు చేసి డబ్బు గడించిన జక్కయ్య కథ ఇంకోసారి చదవండి, లూకా 19. యేసు ముందు అతని ఇంటికొస్తానన్నాడు, నలుగురూ సణిగినా వెళ్లాడు, ఆ తర్వాతే జక్కయ్య నిలబడి ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఇచ్చినందుకు రమ్మనలేదు, వచ్చినందుకు ఇచ్చాడు. ఇంకో సంగతి, జక్కయ్య తన మనసెలా మారిపోయిందో ఒక్క మాట చెప్పలేదు. ఎవరికి ఎంత ఇస్తాడో చెప్పాడు. అతనికి డబ్బు మీద ఆశ పూర్తిగా చచ్చిందో లేదో లూకా రాయలేదు, మనకీ తెలియదు. మీకు కూడా స్వార్థం ఒక రోజు పొద్దున్న లేచేసరికి మాయమైపోదు. గలతీయులకు రాస్తూ పౌలు శరీరం, ఆత్మ ఒకదానికొకటి విరోధంగా ఉంటాయని రాసింది విశ్వాసులకే. అది చచ్చేదాకా ఆగి అప్పుడు ఇద్దాం అనుకుంటే మేనకోడలికి పిల్లలు పుట్టి వాళ్లు కాలేజీకొస్తారు. ఇష్టం లేకపోయినా ఇచ్చేయండి, ఇష్టం తర్వాత నెమ్మదిగా వస్తే వస్తుంది.

ఉత్సాహంగా ఇచ్చేవాణ్ణే దేవుడు ప్రేమిస్తాడు కదా, సణుక్కుంటూ ఇస్తే లాభమేంటి అని మీలాంటివాళ్లు అడుగుతుంటారు. రెండో కొరింథీయుల్లో పౌలు ఆ మాట అన్నది కానుకల విషయంలో, యెరూషలేములో బీదవాళ్లైన విశ్వాసుల కోసం చందా పోగుచేస్తూ. బాకీ తీర్చేటప్పుడు ఎవరూ ఉత్సాహం కోసం ఎదురుచూడరు.

సాక్ష్యం మాత్రం కొన్నాళ్లు ఆపండి. ఈ సంగతి చర్చిలో చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకోవాలనిపిస్తుంది, అక్కడ అందరూ కరిగిపోతారు కూడా. కానీ ఆ కథలో అక్క పేదరికం, బావ జబ్బు, ఫీజుకి ఇబ్బంది పడ్డ పిల్ల, ఇవన్నీ వస్తాయి, వాళ్లని అడక్కుండా వాళ్ల బతుకు మీ సాక్ష్యానికి వాడుకున్నట్టవుతుంది. చెప్పాలనుకుంటే చెప్పాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు. అక్కడికి పాస్టరు గారిని వెంట తీసుకెళ్లకండి. ఆయన కూర్చుంటే అక్క కోపంగా ఒక్క మాట కూడా అనలేదు, ‘ప్రార్థన చేసుకుందాం’ అంటే కళ్లు మూసుకోవాల్సి వస్తుంది. ఆమెకి అనే హక్కుంది, అననివ్వండి. బావకి డయాలసిస్ లేని రోజు చూసుకుని వెళ్లండి, అయిన రోజు ఆ ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదు.

ఇంకొక్కటి. ఉత్తరమంతా అక్క వాటా అక్క వాటా అని రాశారు. ఆరోజు రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసింది ఇద్దరు. అమ్మది కూడా మూడో వంతు ఉంది, ఆమెకీ ఎవరూ చదివి వినిపించలేదు. వెళ్లినప్పుడు ఆమెకి కూడా ఆ కాగితం సంగతి చెప్పండి, తన భాగం ఏం చేయాలనుకుంటుందో అడగండి, ఎక్కడ ఉండాలని ఉందో కూడా అడగండి. గాజువాకలోనే అంటే ఏం చేస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకుని వెళ్లండి.